భోజనాల బల్ల మీద ఎక్స్ఛేంజి

అమలాపురం,
28 ఏప్రిల్ 2025

కృపమ్మ అత్తయ్యకి వందనాలతో మెర్సీ రాసేది.

ముప్పై ఎనిమిదేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషికి ఉత్తరాలు రాయడమేమిటని మా కాలేజీలో నవ్వుతారు. మా మేనత్తతో పాటు ఆవిడ చెవులు కూడా రిటైరయ్యేయి, ఇప్పుడు కళ్ళతోనే వింటుందని చెప్తాను. నిజానికి నాకూ ఇదే బావుంది. ఫోనులో అయితే మీరు "ఏం విశేషం" అంటే "ఏం లేదు" అని ఊరుకునేదాన్ని. కాగితం తీసుకున్నాక ఏం లేదని రాయలేం కదా.

విశేషం ఉంది. మా భోజనాల బల్ల పోయింది. అంటే బల్ల ఉంది, భోజనాలు పోయేయి. రాజమండ్రిలో మూతపడిన ఒక ఫైనాన్సు ఆఫీసు సామాను పాత ఇనుము కొట్లో ఉంటే కొనుక్కొచ్చి దాని మీద పెట్టేను. రెండు రౌటర్లు, రెండు పెద్ద స్విచ్చులు, ఎనిమిది కన్నాల చిన్న స్విచ్చు ఒకటి. మీ భాషలో చెప్పాలంటే స్విచ్చు అనేది ఒక ఊరి ఫోన్లన్నిటినీ కలిపే మీ బోర్డు లాంటిది. రౌటరు ఈ ఊరి బోర్డు నుంచి పై ఊరి బోర్డుకి దారి చూపిస్తుంది. మనుషుల మాటలకి బదులు కంప్యూటర్ల కబుర్లు నడుస్తాయి, అంతే.

ఎందుకూ అంటారా? పందొమ్మిదేళ్ళుగా పాలిటెక్నిక్‌లో నేను చెప్తున్నది ఈ పాఠమే. నల్లబల్ల మీద డబ్బాలు గీసి, వాటి మధ్య గీతలు కలిపి, బాణాలు పెట్టి చెప్తాను. పిల్లలు రాసుకుంటారు, పాసవుతారు. కానీ ఒక్క రౌటరుని కూడా నా చేత్తో నడిపింది లేదు. కాలేజీలో ల్యాబ్ లేదు కాబట్టి ఎవరూ అడగలేదు. ఈ ఏడు ల్యాబ్ పెడుతున్నారు. జూన్ 18న బయటినుంచి ముగ్గురు పెద్దలొచ్చి కూర్చుంటారట. వాళ్ళ ముందు నిజం సామాను కలిపి నడిపించి చూపించిన వాళ్ళకే ల్యాబూ, సబ్జెక్టూ. మా ప్రిన్సిపాల్ ప్రభాకరరావు గారు ఎంతో మర్యాదగా చెప్పేరు, "మీకు ఇబ్బందనిపిస్తే ముందే రాసిచ్చెయ్యండమ్మా, మణికంఠ ఉన్నాడు కదా" అని. మణికంఠ ఈ మధ్యే చేరిన కుర్ర లెక్చరరు. నాకేమో పరీక్షల గదిలో హాల్ టికెట్ల పని చూపిస్తారు.

పందొమ్మిదేళ్ళు ఈత గురించి పాఠం చెప్పి, ఇప్పుడు గోదారి ఒడ్డున నిలబడ్డట్టుంది నా పని.

పెద్ద స్విచ్చు ఆన్ చేస్తే లోపలి ఫ్యాన్లు వరి నూర్పిడి మిషన్లా అరుస్తున్నాయి. తెర మీద మొదటగా వచ్చిందేమిటో తెలుసా? "అనుమతి లేనివారు ప్రవేశించరాదు" అని ఇంగ్లీషులో పాత ఆఫీసు వాళ్ళ హెచ్చరిక. నా భోజనాల బల్ల మీద నాకే ప్రవేశం లేదు. ఆ పాత తాళం తీయడానికి రెండు రోజులు పట్టింది.

ఈయన కంచం పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోతున్నారు. ఏమీ అనలేదు.

మాకోసం ఆ రోజుల్లో ట్రైనింగే వదులుకున్న మీరు, నాలుగు డబ్బాలకి భయపడే నన్ను చూస్తే ఏమంటారో.

మీ మెర్సీ


మలికిపురం,
4 మే 2025

చిరంజీవి మెర్సీని దీవించి మీ అత్త రాయునది.

ఉత్తరం అందింది. సాంతం రెండుసార్లు చదివేను. డబ్బాల సంగతి తరవాత. ముందు అల్లుడి గారి సంగతి చెప్పు. "ఏమీ అనలేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఏమీ అనని మగవాడు వరండాలో ఎందుకు తింటాడే? బోర్డు ముందు కూర్చుని వెయ్యి కాపరాలు ఈ చెవులతో విన్నాను. అరుచుకునే వాళ్ళు బాగానే ఉంటారు. "నాకేం పర్లేదు" అన్నవాళ్ళకే మర్నాడు పుట్టింటికి ట్రంకాల్ బుక్కయ్యేది. ఈ కవరులోనే ఇంకో కాగితం మడతపెట్టి అంటించేను, అది శ్యామ్ బాబు గారికి. నువ్వు విప్పకు.

ఇక బోర్డు సంగతి. నువ్వు రాసింది నాకు బాగానే బోధపడింది. రాజోలు ఎక్స్ఛేంజిలో నా ముందు వంద కన్నాల బోర్డుండేది. ఎవరైనా ఫోనెత్తితే కన్నం మీద బల్బు వెలిగేది. అడిగిన నెంబరు కన్నంలో ప్లగ్గు పెడితే మాట కలిసేది. కొబ్బరి ధర పడిపోయిన రోజున బోర్డంతా దీపాలే. మలికిపురం షావుకార్లు అందరూ ఒకేసారి ఫోనెత్తితే ఏ ప్లగ్గు ఎక్కడ పెట్టాలో చేతులకి తెలిసేది, బుర్రకి తెలిసేది కాదు. నీక్కూడా అంతే. చేతులకి రానియ్యి.

చెవి డాక్టరుకి చూపించుకోవాలి. పద్నాలుగో తారీకున వచ్చి నాలుగు రోజులుంటాను. భోజనం ఎక్కడ పెట్టినా తింటాను, నాకు వరండా కొత్త కాదు.

ఆశీస్సులతో,
అత్త


అమలాపురం,
9 మే 2025

అత్తయ్యకి,

మీరు ఈయనకేం రాసేరో నాకు చూపించడం లేదు. చదివి లోపలికెళ్ళి, అయిదు నిమిషాల తరవాత బయటికొచ్చి, "కష్టం నాది, కానీ ఓర్చుకుంటాను" అని గంభీరంగా అన్నారు. మధ్యాహ్నం నాచేత పనసపొట్టు కూర చేయించుకున్నారు. నాకు అనుమానంగానే ఉంది. ఈయన పి.గన్నవరం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు, వేసవి సెలవలు, వరండాలో ఫోనులో క్రికెట్ పెట్టుకుని తింటే అడిగేవాళ్ళు లేరు. దాన్ని మీరు కాపరం కూలిపోవడంగా చదివేరు. ఆయన మాత్రం కూలినట్టే నటిస్తున్నారు.

అసలు కబురు. నిన్న సాయంత్రం నాలుగింటికి ఈ చివరి కంప్యూటరు నుంచి ఆ చివరి కంప్యూటరుకి పిలుపు పంపితే జవాబొచ్చింది. మధ్యలో రెండు రౌటర్లూ, మూడు స్విచ్చులూ దాటుకుని. నాలుగంటే నాలుగు లైన్లు తెర మీద. "జవాబు, జవాబు, జవాబు, జవాబు." పరీక్ష పేపర్లలో నేను వందలసార్లు దిద్దిన లైన్లే. ఆ నాలుగింటినీ చూసి కళ్ళనీళ్ళు తిరిగేయి. సిగ్గేసింది కూడా. మా పిల్లలెవరికీ ఈ సంతోషం నేను ఇవ్వలేదు కదా ఇన్నేళ్ళూ.

వెంటనే అనుమానం. ఇది నేను చేసిందా, దానంతటదే అయిందా? మొత్తం చెరిపేసి మళ్ళీ కట్టేను. మళ్ళీ వచ్చింది. మూడోసారీ వచ్చింది. ఈయన వరండాలోంచి "పాపం దాన్ని వదిలెయ్యవే, నిజమే చెప్తోంది" అన్నారు. తడిసిన చేతిరుమాలు తెచ్చి పెద్ద స్విచ్చు వెనకాల వేడిగాలికి ఆరేస్తున్నారు. ఆయన మటుకు ఈ సామానుకి ఉపయోగం కనిపెట్టేశారు.

పద్నాలుగున మీకోసం చూస్తాను. మీరొచ్చిన రోజుల్లో నాకు పేపర్లు దిద్దే డ్యూటీ పడింది, పగలు ఇంట్లో ఉండను. ఏమనుకోకండి.

మెర్సీ


మలికిపురం,
22 మే 2025

అమ్మా మెర్సీ,

క్షేమంగా చేరేను. బోడసకుర్రు వంతెన మీద బస్సు ఆగిపోయి గంట నిలబడ్డాం, గాలి బావుంది. డాక్టరు గారు చెవికి మిషను పెట్టుకోమన్నారు. నేను ఆయ్ అన్నాను. పెట్టుకుంటానని అనలేదు.

నాలుగు రోజులూ అల్లుడి గారిని కనిపెట్టి చూసేను. "ఏమండీ, మా అమ్మాయి మిమ్మల్ని పస్తు పెడుతోందా" అని కాగితం మీద రాసి చూపిస్తే, "పస్తు కాదండీ అత్తయ్య గారూ, వనవాసం" అని రాసేరు. కింద ఇంకో ముక్క రాసేరు. "ఆ బల్ల దగ్గర మెర్సీ మొహం పెళ్ళిచూపులప్పటికంటే బావుంటోందండీ, చెప్పకండి." చెప్పకండి అన్నారు కాబట్టి రాస్తున్నాను. నా అనుమానం తీరిపోయింది.

నువ్వు డ్యూటీకి వెళ్ళిన రోజున నీ బల్ల సర్దేను. అంత చదువుకున్నదానివి, వైర్లు పిచ్చుక గూడులా పెట్టుకున్నావేమే? మా ఎక్స్ఛేంజిలో జగ్గయ్య గారని మెకానిక్కుండేవారు. వైర్లని జడల్లా పేర్చి మైనపు దారంతో జానెడుకో ముడి వేసేవారు. ఇన్స్పెక్షనుకొచ్చిన పెద్దాఫీసర్లు బోర్డు ముందువైపు చూడకుండా వెనక్కెళ్ళి ఆ కట్లు చూసేవారు. ఆయన దగ్గర చూసి నేర్చుకున్నాను. కొవ్వొత్తికి దారం రాసి, నీ వైర్లన్నీ అలా కట్టేను. పనికొచ్చే పని ఒకటి చేసేననిపించింది చాలా రోజులకి.

పద్దెనిమిదిన నీకు జయం కలగాలని ప్రార్థన చేస్తున్నాను.

అత్త


అమలాపురం,
27 మే 2025

అత్తయ్యా,

మీరు కట్టిన కట్టలు చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తున్నాను. జడకుప్పెలు పెట్టినట్టున్నాయి. విప్పడానికి చెయ్యి రాక, కంప్యూటరు కోసం షాపులోంచి ఇంకో వైరు కొత్తది తెచ్చుకున్నాను.

మిగతాది రాయడానికే కష్టంగా ఉంది. అంతా ఆగిపోయింది.

మీరు వెళ్ళిన మర్నాడు ఆన్ చేసేను. చిన్న స్విచ్చు మీద దీపాలన్నీ ఒక్కసారిగా కొట్టుకోవడం మొదలెట్టేయి. మామూలుగా అయితే ఒకటి మిణుకుమంటుంది, కాసేపాగి ఇంకోటి. ఇప్పుడు అంతర్వేది తీర్థంలో రంగులరాట్నానికి కట్టిన సీరియల్ బల్బుల్లా అన్నీ కలిసి ఆగకుండా. పిలుపు పంపితే జవాబు లేదు. ఆపి మళ్ళీ వేసినా అంతే. రౌటర్లు రెండూ చెరిపి, వాటికిచ్చే ఆదేశాలన్నీ మొదట్నుంచీ రాసేను. ఒక్కొక్క లైనూ పుస్తకంతో పోల్చుకుంటూ ఆరుసార్లు రాసేను. ఏదో ఒక అక్షరం తప్పు కొడుతున్నానన్నమాట, ఏదో తెలియడం లేదు. తొమ్మిదో తారీకున మీకు గొప్పగా రాసిన ఆ జవాబులు గాలివాటుగా వచ్చినవే అయ్యుంటాయి.

మణికంఠ మొన్న కాలేజీలో కనిపించి, "సాయం కావాలంటే చెప్పండి మేడం" అన్నాడు. మంచి కుర్రాడే. మంచితనంగా అడిగేడు కాబట్టే ఇంకా కుంచించుకుపోయేను.

నేను బాగా ఆలోచించేను. ముగ్గురు పెద్దల ముందు, రేపు నా దగ్గర చదవాల్సిన పిల్లల ముందు నిలబడి వెర్రిమొహం వేసేకంటే ముందే తప్పుకోవడం మర్యాద. సోమవారం, జూన్ రెండున, ప్రిన్సిపాల్ గారికి రాసిచ్చేస్తాను. హాల్ టికెట్ల పని మాత్రం పని కాదా.

కోప్పడకండి.

మెర్సీ


మలికిపురం,
31 మే 2025

మెర్సీ,

నీ ఉత్తరం ఇవాళే వచ్చింది. ఇది నీకు రెండో తారీకులోగా అందదని నాకు తెలుసు. పోస్టుమాస్టరు సూర్యావతి గారిని అడిగితే "గురువారమేనండీ" అంది. అయినా రాస్తున్నాను.

నీకో సంగతి చెప్పాలి. తొంభై నాలుగులో రాజోలుకి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. మా బోర్డులు తీసేస్తున్నారు, ఇష్టమున్న వాళ్ళు హైదరాబాదులో మూడు నెలలు ట్రైనింగుకెళ్ళి మిషన్ల పని నేర్చుకోవచ్చు, లేనివాళ్ళు బిల్లుల కౌంటర్లో కూర్చోవాలి అన్నారు. నేను "ఇష్టం లేదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకం పెట్టేను. నీ తొమ్మిదో తరగతి పాడవుతుందని, మీ అమ్మ లేని ఇల్లని, మీ నాన్నకి చెప్పేను. అందరూ త్యాగమూర్తిని చేసేరు. నువ్వూ ఇన్నేళ్ళుగా అదే పాట పాడుతున్నావు.

అది అబద్ధం తల్లీ. మీ నాన్న వెళ్ళమనే అన్నాడు. నాకు భయమేసింది. క్లాసులో కుర్రాళ్ళ మధ్య కూర్చుని ఏమీ అర్థం కాకపోతే ఎలాగ అని. అంతే. ఆ తరవాత పద్దెనిమిదేళ్ళు అద్దం కిటికీ వెనకాల రసీదులు చించి ఇచ్చేను. గోడకవతల ఆ మిషను టిక్కుటిక్కుమంటుంటే వినబడేది. ఒక్కరోజు కూడా ఆ గదిలోకి వెళ్ళి చూడలేదు. చెవులు పోయేక ఆ చప్పుడు కూడా పోయింది, కొంచెం సుఖంగా ఉంది.

నీ అక్షరాలు కూడా ముత్యాల్లా ఉంటాయి. అందుకని భయమేసి రాస్తున్నాను.

ఇంక నీ దీపాల సంగతి నాకు వింతగా ఉంది. అన్ని దీపాలూ వెలుగుతుంటే ఆగిపోయిందంటావేమిటి? మా బోర్డు మీద అన్ని దీపాలూ వెలిగితే పని జోరుగా ఉందని లెక్క. నీ కట్టలు కట్టేటప్పుడు చిన్న డబ్బాలోంచి వచ్చిన వైరు ఒకటి రెండో చివర ఊరికే వేలాడుతుంటే, చివర వేలాడనివ్వకూడదని జగ్గయ్య గారి శాస్త్రం, అదే డబ్బాలో పక్కన ఖాళీ కన్నంలో పెట్టి కట్టలో కలిపేశాను. అది టిక్కుమని ఎంచక్కా కూర్చుంది. అంతకంటే నేనేమీ ముట్టుకోలేదు, ఒట్టు.

అత్త


అమలాపురం,
6 జూన్ 2025

అత్తయ్యా,

సూర్యావతి గారి లెక్క సరిపోయింది. నిన్న, గురువారమే అందింది. వాకిట్లో నిలబడి చదివేను. "పక్కన ఖాళీ కన్నంలో" దగ్గర ఆగి, పరుగెత్తి వెళ్ళి, మీ మైనపు ముళ్ళు రెండు కోసి ఆ వైరు చివర లాగేసేను. దీపాలు టక్కున శాంతించేయి. ఒకటి మిణుకుమంది. కాసేపాగి ఇంకోటి. పిలుపు పంపితే జవాబు, జవాబు, జవాబు, జవాబు.

నేలమీద కూర్చుని నవ్వితే ఈయన భయపడి క్రికెట్ ఆపి వచ్చేరు.

చూడండి, ఒకే స్విచ్చులో రెండు కన్నాలకీ ఒకే వైరు పెడితే, లోపలికొచ్చిన కబురు బయటికెళ్ళి మళ్ళీ తనలోకే వస్తుంది. అది రెండవుతుంది, నాలుగవుతుంది, క్షణంలో లక్షలు. ఆ హోరులో అసలు కబురుకి దారుండదు. పెద్ద స్విచ్చులకి ఈ గుండ్రం తిరుగుడు కనిపెట్టి ఒక దారి మూసేసే తెలివుంటుంది. చిన్నదానికి ఉండదు. ఇది ఏటేటా నేను ఇచ్చే అయిదు మార్కుల ప్రశ్న. పందొమ్మిదేళ్ళుగా బొమ్మ గీసి చెప్తున్నాను. నా ఇంట్లో, నా కళ్ళముందు జరిగితే గుర్తుపట్టలేదు.

ఎందుకు గుర్తుపట్టలేదో కూడా నిన్నట్నుంచీ ఆలోచిస్తున్నాను. తప్పంటూ ఉంటే అది నాలోనే ఉంటుందని ముందే తీర్మానించుకున్నాను. అందుకే నేను రాసిన లైన్లే ఆరుసార్లు వెతికేను. మీ కట్ట వైపు కన్నెత్తి చూడలేదు. అంత అందంగా ఉన్నదాంట్లో తప్పుంటుందని ఎలా అనుకుంటాను?

మీ ట్రైనింగు సంగతి రెండుసార్లు చదివేను. బాధపడాలి కాబోలు. నాకేమో ఎవరో నెత్తిమీది గంప దింపినట్టుంది. ఏ పని మొదలెట్టినా, అత్తయ్య జీవితం ధారపోసింది, దానికి తగ్గదాన్నేనా అని ముప్పై ఏళ్ళుగా తూకం వేసుకుంటున్నాను. మీరూ భయపడ్డారన్నమాట. ఇంత ముందే చెప్పాల్సింది.

అయితే నేను రాసిచ్చేశాను. సోమవారమే. ప్రభాకరరావు గారు చదివి, "మంచి నిర్ణయమమ్మా, పెద్దమనసు" అని సంతకం చేసి ఫైల్లో పెట్టించేరు. ఇప్పుడు వెళ్ళి, మా అత్తయ్య వైరు పెట్టిందండీ, నా కాగితం నాకిచ్చెయ్యండి అని ఎలా అడగను? నవ్వుతారు. నాలుగు రోజుల్లో మాట మార్చే మనిషి ల్యాబ్ ఏం నడుపుతుందంటారు. అడగాలనీ ఉంది, సిగ్గుగానూ ఉంది. పోనీలే, నడుస్తుందని నాకు తెలిసింది, అది చాలు అనుకుంటున్నాను.

మెర్సీ


మలికిపురం,
10 జూన్ 2025

మెర్సీకి,

అది చాలదు.

నీ ఉత్తరం చూసి మధ్యాహ్నం అన్నం సహించలేదు. సాయంత్రానికి ధైర్యం తెచ్చుకున్నాను. మా ఎక్స్ఛేంజిలో ఫాల్టు పుస్తకమని ఉండేది. లైను చెడితే ఎవరి చేతిలో చెడిందో వాళ్ళే సొంత దస్తూరీతో రాయాలి. ఒకరి ఫాల్టు ఇంకొకరి పేరున పడితే, అసలు మనిషి స్టేట్‌మెంటు రాసి పై ఆఫీసరుకి పంపితే కొట్టేసేవారు. ఆ రూలు ప్రకారం మీ ప్రిన్సిపాల్ గారికి ఇవాళ రిజిస్టరు పోస్టు చేసేను. నీకు చెప్తే వద్దంటావు కాబట్టి చేసేక చెప్తున్నాను. నకలు ఇదీ:

"అయ్యా, రాజోలు టెలిఫోన్ ఎక్స్ఛేంజి రిటైర్డు ఆపరేటరు అయిన నేను మనవి చేయునది. మీ లెక్చరరు మెర్సీ ఇంట్లో మే 16న ఏర్పడిన ఫాల్టుకి కారణం నేను. ఆమె ఇంట లేని సమయంలో వేలాడుతున్న వైరు చివరను అదే స్విచ్చులోని ఖాళీ కన్నంలో పెట్టితిని. జూన్ 5న ఫాల్టు తీయబడినది. తీసినది ఆమెయే. మధ్యకాలంలో ఆమె తమకు ఇచ్చిన కాగితం, నా ఫాల్టును తన ఫాల్టు అనుకుని ఇచ్చినది గనుక, దానిని కొట్టివేయ ప్రార్థన. అవసరమైతే విచారణకు హాజరు కాగలను. చెవులు వినపడవు, ప్రశ్నలు రాసి ఇవ్వవలెను."

సూర్యావతి గారు అక్నాలెడ్జిమెంటు కార్డు కూడా అంటించింది. నువ్వు చెయ్యాల్సింది ఒకటే. ఆయన పిలిస్తే వెళ్ళు. పిలవకపోయినా వెళ్ళు.

అత్త


మలికిపురం, 21 జూన్

మెర్సీ,
పద్దెనిమిది వెళ్ళి మూడు రోజులైంది.
అత్త


అమలాపురం,
4 జూలై 2025

ప్రియమైన అత్తయ్యకి,

మీ కార్డు అందేక కూడా ఇన్ని రోజులు పట్టింది. తప్పు నాదే, ఇది మాత్రం నా పేరునే రాసుకుంటున్నాను.

ప్రిన్సిపాల్ గారు పన్నెండునే పిలిచేరు. బల్ల మీద మీ స్టేట్‌మెంటుంది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. "మీ అత్తయ్య గారు సర్వీసులో ఎలా ఉండేవారమ్మా" అని అడిగేరు. "ఇలాగే ఉండేవారండి" అన్నాను. "తప్పు నాదని రిజిస్టరు పోస్టులో పంపే మనిషిని ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో చూడలేదు" అని, నా కాగితం ఫైల్లోంచి తీసి నా చేతిలోనే పెట్టేరు. "చింపుతారా, మళ్ళీ ఇస్తారా, మీ ఇష్టం." అక్కడే చింపేను. బాగానే చిరిగింది.

పద్దెనిమిదిన ఈయన డబ్బాలన్నిటినీ ఆటోలో ఎక్కించి, దారిపొడుగునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చేరు. "జాగ్రత్తండీ" అంటే, "నెలన్నర పైగా నా బల్ల మీద తిన్నవాటిని నేను పడేస్తానా" అన్నారు.

ముందు మణికంఠ చూపించేడు. అంతా కంప్యూటరు తెర మీద బొమ్మల్లో, తడుముకోకుండా. ముగ్గురు పెద్దలూ తలలూపేరు. తరవాత నేను. మొదటి అయిదు నిమిషాల్లోనే ఒక లైను తప్పు కొట్టేను. పూర్వమైతే అక్కడే ఆపేసి కూర్చునేదాన్ని. "తప్పు కొట్టేనండి, ఇదిగో" అని దిద్దేను. జవాబులు వచ్చేయి. వాళ్ళు సరేనని కాగితాల మీద ఏదో రాసుకోబోతుంటే, "ఒక్క నిమిషమండి" అని, చిన్న స్విచ్చు వైరు రెండో చివర తీసుకెళ్ళి నా చేత్తోనే పక్క కన్నంలో పెట్టేను. దీపాలన్నీ అంటుకున్నాయి. జవాబులు ఆగిపోయేయి. "ఫాల్టు ఎక్కడుందో కనిపెట్టండి, నేను చెప్పను" అన్నాను.

రిటైర్డు ఇంజనీరు ఒకాయన, డెబ్బై దాటుంటాయి, కుర్చీలోంచి లేచొచ్చేరు. మణికంఠ బల్ల కింద దూరేడు. ప్రిన్సిపాల్ గారు కూడా కళ్ళజోడు పైకెత్తి వైర్లు వేళ్ళతో లెక్కపెడుతున్నారు. ఆరు నిమిషాలకి మణికంఠ వైరు పట్టుకుని బయటికొచ్చి, చొక్కానిండా దుమ్ముతో నవ్వేడు. అదే వైరుని పెద్ద స్విచ్చులో రెండు చివర్లూ పెట్టి చూపించేను. అది తనంతట తనే ఒక దారి మూసేసుకుంది, మిగతా కబుర్లు నడుస్తూనే ఉన్నాయి. "ఇది మీరు ఎక్కడ నేర్చుకున్నారు" అని ఆ పెద్దాయన అడిగేరు. "పుస్తకంలో పందొమ్మిదేళ్ళ కిందట, ఇంట్లో రెండు వారాల కిందట" అన్నాను.

ల్యాబ్ నాకిచ్చేరు. థియరీలో సగం మణికంఠకిచ్చేరు. అది కొంచెం నొప్పిగానే ఉందత్తయ్యా, అబద్ధమెందుకు. నా నోట్సు చూసి చెప్తానంటే ఇచ్చేను. ఇచ్చి, వెనక్కి తీసుకుందామా అని రెండు రోజులు అనుకున్నాను.

ఇవాళ మొదటి ప్రాక్టికల్ క్లాసు. పద్దెనిమిదిమంది పిల్లలు, అయిదు డబ్బాలు. హేమ అని ఒకమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల, చెయ్యెత్తింది. "మేడం, రెండు రౌటర్ల మధ్య రెండు దార్లుంటే, పంపిన కబురు ఒక దారిన వెళ్ళి, జవాబు ఇంకో దారిన రావచ్చా అండి?"

రావచ్చనే పుస్తకంలో ఉంది. నేనూ అదే చెప్పేదాన్ని, వాళ్ళూ అదే రాసుకునేవారు. నోటిదాకా వచ్చింది కూడా. "రావచ్చంటారు. నేనెప్పుడూ చూడలేదమ్మా, చూద్దాం రండి" అన్నాను. అందరూ బల్ల చుట్టూ మూగేరు. రెండో దారి వేసేం. మొదట రాలేదు. హేమ ఒకటి చెప్పింది, అది కాదు. వెనకనుంచి ఇంకెవరో ఒకటి చెప్పేరు, అదీ కాదు. నేను చెప్పిందీ కాదు. గంట కొట్టేరు. ఒక్కళ్ళూ కదల్లేదు. ఇంకో పావుగంటకి, వెళ్ళిన దారి వేరూ వచ్చిన దారి వేరూ అయి, జవాబొచ్చింది. చూసేం.

రేపు ఆ పిల్ల ఇంకేం అడుగుతుందోనని భయంగా ఉంది. త్వరగా తెల్లారితే బావుణ్ణు.

మీ మేనకోడలు,
మెర్సీ